స్పానిష్‌లో మనసు విప్పాలంటే

స్పానిష్ మొదలుపెట్టిన కొన్ని నెలలకు మనవాళ్లు కాఫీ తెప్పించుకోగలరు, రైల్వే స్టేషన్‌కు దారి అడగగలరు, చెల్లెలి వయసు చెప్పగలరు. ‘మరి ఆ సినిమా నీకెలా అనిపించింది?’ అని అవతలివాళ్లు అడిగితే మాత్రం గొంతు పెగలదు. బల్ల, కుర్చీ, చెంచా అన్నీ వచ్చేశాయి. అనుకోవడం, అనిపించడం, గుర్తుకు రావడం, తట్టడం, అనుమానించడం, తెలిసిరావడం మాత్రం ఇంకా రాలేదు. పరిచయం స్నేహంగా మారేది ఈ మాటల దగ్గరే. మెక్సికో క్లయింటుకు మీ మీద గురి కుదిరేదీ ఇక్కడే.

దీనికి అందరూ కనిపెట్టే మందు ఒకటే: ‘మనసుకు, మెదడుకు సంబంధించిన వంద పదాలు’ అనే జాబితా సంపాదించి గోడకు అంటించుకోవడం. ఎడమవైపు మెంతె, సెరేబ్రో, మెమోరియా, పెన్సమియెంతో. కుడివైపు వాటి ఇంగ్లిష్ అర్థాలు. నన్నడిగితే ఆ కాగితం చింపేయమంటాను. మనసు చేసే పనుల మాటలు ఒంటరిగా బతకవు. ఎవరికి, దేనితో, దేని గురించి అన్నది పక్కన లేకపోతే అవి నోటికి పనికిరావు. పైగా తెలుగువాళ్లు వాటిని ఇంగ్లిష్ మీదుగా నేర్చుకోవడం చుట్టుదారి. మన ఇంట్లోంచే వాటికి అడ్డదారి ఉంది.

ఒంటరి పదం ఎందుకు నిలవదో గాబ్రియెల్ గార్సియా మార్కెస్‌కు బాగా తెలుసు. 1967లో వచ్చిన ‘వందేళ్ల ఒంటరితనం’ నవలలో మకోందో అనే ఊరికి నిద్రపట్టని జబ్బు వస్తుంది. నిద్ర పోతే పోయింది, దాని వెనకే మతిమరుపు దిగుతుంది. పేర్లు మర్చిపోతామన్న భయంతో సిరాలో ముంచిన కుంచె పట్టుకుని బల్ల మీద బల్ల అని, గడియారం మీద గడియారం అని, ఆవు మీద ఆవు అని రాసేస్తారు. కొన్నాళ్లకు అసలు సంగతి తడుతుంది. పేరు చదవగలిగీ దానితో ఏం చెయ్యాలో మర్చిపోతే ఎలా? అప్పుడు ఆవు మెడలో పలక కట్టి దాని మీద పూర్తి వాక్యాలు రాయాల్సి వస్తుంది, రోజూ పొద్దున్నే పాలు పితకాలని, ఆ పాలు కాచి కాఫీలో కలపాలని. ఫ్రిజ్‌కూ తలుపుకూ రంగు చీటీలు అంటించే స్పానిష్ విద్యార్థులంతా మకోందో మొదటి దశలో ఉన్నవాళ్లే. ఫ్రిజ్‌కైతే చీటీ అంటించొచ్చు. అనుమానానికి ఎక్కడ అంటిస్తారు?

జాబితాల మీద పరిశోధనలూ జరిగాయి. 1990లలో థామస్ టింకమ్, ఆ తర్వాత రాబ్ వేరింగ్ ప్రయోగాలు చేసి చూశారు. ఒకే కోవకు చెందిన కొత్త మాటలను ఒక్కసారిగా నేర్పితే, ఒకదానితో ఒకటి సంబంధం లేని మాటలకంటే ఆలస్యంగా వస్తున్నాయి. కవల పిల్లల్ని ఒకేరోజు పరిచయం చేస్తే ఎవరు రామో ఎవరు లక్ష్మణో తేలనట్టు, దగ్గరి అర్థాలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. కాబట్టి ఒక ఆదివారం కూర్చుని మనసు మాటలన్నీ పట్టేద్దామనుకోకండి. వారానికి రెండో మూడో, వేరే విషయాల మధ్యలో ఇరికించి నేర్చుకోండి. ‘గుర్తుంచుకోవడం’ అనే అర్థంలో రెకొర్దార్, అకొర్దార్సె అని రెండు క్రియలున్నాయి. ఒకదాన్ని ఈ నెలకు ఉంచుకుని, రెండోదాన్ని వచ్చే నెలకు పంపేయండి. ఏ స్పానియార్డూ మిమ్మల్ని నిలదీయడు.

‘నాకు’ అనగలిగితే చాలు

ఇంగ్లిష్‌లో మనసు చేసే పనులకు చాలావరకు కర్త ‘నేనే’. నేను ఇష్టపడతాను, నేను భయపడతాను, నేను గుర్తుంచుకుంటాను. తెలుగులో మనం ఇలా కూడా అనగలం గానీ, సహజంగా నోటికొచ్చేది వేరు. నాకు నచ్చింది, నాకు అనిపించింది, నాకు తట్టింది, నాకు నవ్వొచ్చింది, నాకు భయమేసింది. నవ్వూ భయమూ ఆలోచనా ఎక్కడినుంచో వచ్చి నన్ను చేరతాయి. స్పానిష్‌కు కూడా చాలాచోట్ల ఇదే చూపు.

మె గుస్తా: నాకు నచ్చుతుంది. మె పరేసె: నాకు అనిపిస్తోంది. సె మె ఒకుర్రియో ఊనా ఇదేయా: నాకో ఆలోచన తట్టింది. మె ప్రెయొకూపా: నాకు బెంగగా ఉంది. మె క్వెస్తా రెకొర్దార్: గుర్తుపెట్టుకోవడం నాకు కష్టంగా ఉంది. మె స్వేనా: ఎక్కడో విన్నట్టుంది, ఎవరి మొహమో లీలగా మెదులుతుంటే కూడా అదే మాట. ఇంగ్లిష్ మీదుగా వచ్చేవాళ్లకు ఈ వాక్యాలను తిరగేసి చూపించడానికే పాఠాలకు పాఠాలు పడుతుంది. అమెరికా హైస్కూళ్లలో స్పానిష్ తీసుకున్న మన పిల్లలు ‘యో గుస్తో’ అని రాసి మార్కులు పోగొట్టుకుంటుంటారు. వాళ్లకు కావలసిన వాక్యాన్ని హాల్లో కూర్చున్న అమ్మమ్మ వీడియో కాల్‌లో ధారాళంగా మాట్లాడేస్తూ ఉంటుంది. ‘నాకు ఉప్మా నచ్చదు’ అని అనగలిగిన పిల్లకు ‘నో మె గుస్తా’ కొత్త సంగతేమీ కాదు. ఆ రెంటినీ కలిపి చూపించేవాళ్లు లేరంతే.

‘మె ద’ వరస ఇంకా ముచ్చటగా ఉంటుంది. ద అంటే ఇస్తుంది. మె ద రీసా అంటే నవ్వొస్తోంది. మె ద మియేదో అంటే భయమేస్తోంది. మె ద రాబియా అంటే ఒళ్లు మండుతోంది. మె ద వెర్గ్వెన్సా అంటే సిగ్గేస్తోంది. మన భావాలు మనకు వస్తాయి, వేస్తాయి. వాళ్ల భావాలను ఏదో ఒకటి వాళ్లకు ఇస్తుంది. చట్రం ఒకసారి చేతికొస్తే లోపలి మాటలను వారానికొకటి చొప్పున చేర్చుకుంటూ పోవచ్చు. అయితే ‘మె ద పేనా’ దగ్గర కాస్త నిదానించండి. స్పెయిన్‌లో అది జాలి, బాధ. మెక్సికో, కొలంబియాల్లో సిగ్గు, మొహమాటం. మెక్సికో సహోద్యోగి మీటింగులో పేనా అన్నాడని ఓదార్చడానికి పరుగెత్తకండి. అతను మొహమాటపడుతున్నాడు.

అలాగే మన ‘-కొను’. ఊహించుకోవడం, గుర్తుచేసుకోవడం, తెలుసుకోవడం, ప్రశ్నించుకోవడం: పని చేసినవాడికే ఫలితం చెందేటప్పుడు క్రియకు ఈ తోక తగిలిస్తాం. స్పానిష్‌లో ఆ తోక ‘సె’. ఇమహినార్సె ఊహించుకోవడం, ఎంతెరార్సె తెలుసుకోవడం, ప్రెగుంతార్సె తనను తాను ప్రశ్నించుకోవడం. ‘మె ప్రెగుంతో’ అంటూ మొదలుపెట్టారంటే ‘...ఏమో అనుకుంటున్నా’ అని లోలోపల తర్కించుకుంటున్నారన్నమాట. ఈ పోలిక అన్నిచోట్లా కుదరదు. నేర్చుకోవడానికి అప్రెందేర్ అంటే సరిపోతుంది, తోక అక్కర్లేదు. అదే పాఠాన్ని కంఠతా పట్టారనుకోండి, అప్రెందేర్సె అని తోక వచ్చి చేరుతుంది!

ఇక ‘అనుకోవడం’. ‘వచ్చే నెల ఊరెళ్దామనుకుంటున్నాను’ అన్నప్పుడు అందులో ఆలోచనా ఉంది, ఉద్దేశమూ ఉంది. పెన్సార్ కూడా ఈ రెండు పనులూ చేస్తుంది. పియెన్సో వియహార్ అంటే ప్రయాణం చేద్దామనుకుంటున్నాను. ‘క్రేయో కె’ అంటే ‘...అని అనుకుంటున్నాను’. ఆ ‘కె’ మన ‘అని’ చేసే పనే చేస్తుంది. మనది మాట చివర కూర్చుంటే వాళ్లది ముందే వచ్చి కూర్చుంటుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది సబేర్ సంగతి. సే ల వెర్దాద్: నిజం నాకు తెలుసు. సే నదార్: నాకు ఈత వచ్చు. మనం తెలుసు, వచ్చు అని విడదీసిన రెంటినీ స్పానిష్ ఒకే క్రియలో పెట్టింది. మనం ఒకే ‘తెలుసు’తో సరిపెట్టిన చోట వాళ్లు విడదీశారు. ఎవరైనా మనిషి తెలుసు, ఊరు తెలుసు అంటే అక్కడ కొనొసేర్ రావాలి. హైదరాబాద్ నాకు తెలుసు, మీ నాన్నగారు నాకు తెలుసు: రెండుచోట్లా కొనోస్కో. చార్మినార్ ఎక్కడుందో తెలుసు అంటే మళ్లీ సే. సమాచారం తెలియడం వేరు, పరిచయం ఉండడం వేరు అని పట్టుకుంటే తికమక ఉండదు.

భూతకాలంలోకి వెళ్తే తెలుగువాళ్ల పంట పండినట్టే. సబీయా అంటే ‘నాకు అప్పటికే తెలుసు’. సూపె అంటే ‘నాకు అప్పుడు తెలిసింది’. కొనొసీ అంటే ‘పరిచయమయ్యారు’. ఈ రెండు భూతకాలాల తేడా చెప్పడానికి ఇంగ్లిష్‌లో రాసిన స్పానిష్ పుస్తకాలు పేజీలు నింపుతాయి, ఆ పేజీలన్నీ చదివినవాళ్లకూ చప్పున ఏది వాడాలో తోచదు. తెలుసుకు, తెలిసిందికి ఉన్న తేడా మీకు ఎవరూ నేర్పలేదు, ఊహ తెలిసినప్పటినుంచి మాట్లాడుతున్నారు. దాన్నే ఇక్కడ ఖర్చుపెట్టండి.

అడ్డదారి అన్నాక గుంతలు లేకుండా ఉండవు. ‘నాకు అర్థమైంది’ అలవాటులో ‘మె ఎంతియెందె’ అంటే దానికి ‘అతను నన్ను అర్థం చేసుకుంటున్నాడు’ అనే అర్థం వస్తుంది. అక్కడ కర్త నేనే: ఎంతియెందో. మనకు నిద్ర వస్తుంది, వాళ్ల దగ్గర నిద్ర ఉంటుంది: తెంగో స్వేన్యో. ఆ స్వేన్యోకే కల అనే అర్థం కూడా ఉంది. 1799లో చిత్రకారుడు గోయా అచ్చువేసిన చిత్రాల వరసలో, బల్ల మీద తల వాల్చిన మనిషి చుట్టూ గుడ్లగూబలు, గబ్బిలాలు ముసిరే బొమ్మ ఉంటుంది. అందులో రాసిన స్వేన్యో వివేకం పోయిన నిద్రా, వివేకం కన్న కలా అని ఇప్పటికీ వాదులాడుకుంటూనే ఉన్నారు. ఇంక ‘మనసు మార్చుకున్నాను’ అని చెప్పాలంటే మెంతె జోలికి పోకూడదు. కాంబియే దె ఒపినియోన్, అభిప్రాయం మార్చుకున్నాను, అనాలి. మన ‘మనసు’ ఒక్కటే ఆలోచనా, ప్రేమా, ధైర్యమూ అన్నీ మోస్తుంది. స్పానిష్‌లో ఆ బరువును మెంతె, కొరసోన్, ఆనిమో పంచుకుంటాయి. ఆనిమోను పదిలంగా పట్టుకోండి. పరీక్షకు వెళ్తున్నవాడికి, పరుగు పందెంలో వెనకబడ్డవాడికి ‘ఆనిమో!’ అని కేక వేస్తారు, మనం ‘కానీ, కానీ!’ అని ఉత్సాహపరిచినట్టు.

ఇంగ్లిష్ గుంతలు ఇంకా లోతు. మనం తెలుగులోనే ‘రియలైజ్ అయ్యాను’ అనేస్తాం కాబట్టి రెయలిసార్ చూడగానే చుట్టం కనిపించినట్టుంటుంది. దాని అర్థం నెరవేర్చడం, నిర్వహించడం. తెలిసిరావడానికి ‘దార్సె క్వెంతా’ ఉంది: మె ది క్వెంతా, అప్పుడు తెలిసొచ్చింది. సెన్సీబ్లె అంటే వివేకి అనుకుంటారు. అది సున్నిత మనస్కుడు, వివేకి సెన్సాతో. ప్రెతెందేర్ అంటే నటించడం అనుకుంటారు. అది ఆశించడం, ఉద్దేశించడం, నటించడం ఫింహీర్. ఇంటర్వ్యూలో ‘ఈ సంస్థలో ఎదగాలని ప్రెతెందో’ అన్న అభ్యర్థిని చూసి నవ్వుకునేది ఇంగ్లిష్ వచ్చినవాళ్లే. స్పానిష్ వాళ్లకు అందులో తప్పేమీ కనబడదు.

ఆ మెంతెను ఒంటరిగా నేర్చుకోవద్దన్నాను గానీ, అది మీకు తెలియకుండానే వేల మాటల చివర దాక్కుని ఉంది. లెంతమెంతె నెమ్మదిగా, క్లారమెంతె స్పష్టంగా. లాటిన్‌లో ‘మెంతె’ అంటే ‘మనసుతో’. నెమ్మదైన మనసుతో, స్పష్టమైన మనసుతో అని మొదలై, వాడగా వాడగా అరిగి మన ‘-గా’ లాంటి ప్రత్యయం అయిపోయింది. లాటిన్‌లో మనసు స్త్రీలింగం కాబట్టే క్లారో ముందు క్లారా అయ్యాకగానీ మెంతె చేరదు. రెండు మాటలు వరసగా వస్తే మనసు చివరిదానికే దక్కుతుంది: లెంతా ఇ క్లారమెంతె, నెమ్మదిగా, స్పష్టంగా. సూత్రం బట్టీపట్టేకంటే ఈ కథ గుర్తుంచుకోవడం తేలిక.

చీటీ మీద ఏం రాయాలి?

వాక్యం రాయండి. అదీ మీ గురించిన వాక్యం. ‘సొన్యార్: కల కనడం’ అని రాసుకున్న చీటీ మీకు ‘సొన్యార్ కొన్’ అని నేర్పదు. స్పానిష్‌లో ఎవరి గురించైనా కలగంటే వాళ్లతో కలగన్నట్టు చెప్పాలి. సొన్యే కొన్ మి అబ్వేలా, నానమ్మ కల్లోకి వచ్చింది. తలచుకోవడానికి ఎన్ కావాలి: పియెన్సో ఎన్ మి ప్వెబ్లో, మా ఊరు తలపుకొస్తోంది. గుర్తుకు దె కావాలి: మె అక్వెర్దో దె తి, నువ్వు నాకు గుర్తున్నావు. ఈ చిన్న ముక్కలు తర్వాత చూసుకుందాం అనుకుంటే తర్వాత అనేది రాదు. క్రియతో పాటే ఇంటికి తెచ్చుకోండి.

క్రియను ‘నేను’ రూపంలోనే రాసుకోండి. స్పానిష్ మనసు క్రియల్లో చాలావాటికి మధ్యలో విరుపుంది. ఊనిక పడ్డచోట అచ్చు రెండుగా చీలుతుంది: పెన్సార్, పియెన్సో, ఎంతెందేర్, ఎంతియెందో, రెకొర్దార్, రెక్వెర్దో, సొన్యార్, స్వేన్యో. ‘మనం’ దగ్గరకొస్తే ఊనిక పక్కకు జరుగుతుంది కాబట్టి విరుపు పోతుంది: పెన్సామోస్. మనసు గురించి మాట్లాడేది చాలావరకు మన మనసు గురించే కదా, అందుకని నేను రూపం ముందు నోటికి రావాలి. నిఘంటువు రూపం ఎక్కడికీ పోదు.

నమ్మకం, అపనమ్మకం మాత్రం జంటగానే రాసుకోవాలి. క్రేయో కె వియేనె: వస్తాడనుకుంటున్నాను. నో క్రేయో కె వేంగా: వస్తాడనుకోను. తెలుగులో వస్తాడు మారలేదు. స్పానిష్‌లో సందేహం తగిలేసరికి వియేనె కాస్తా వేంగా అయిపోయింది. ఇన్‌స్టిట్యూటో సెర్వాంతెస్ ఇచ్చే డెలె సర్టిఫికెట్ పరీక్షల్లో పై మెట్లకు వెళ్లేకొద్దీ మీ అభిప్రాయం అడుగుతారు, ఒప్పుకోకపోతే ఎందుకో చెప్పమంటారు. అక్కడ ఈ వేంగాయే మీ స్థాయి బయటపెడుతుంది. హైదరాబాద్‌లో ఇఫ్లూ విశ్వవిద్యాలయం లాంటి చోట గురువు దొరికితే ఈ ఒక్క సంగతి మీద నాలుగు గంటలు పిండుకోండి. సొంతంగా చదివి పట్టుకోవడం కష్టమైన చోటు ఇదే.

ఇక మరపు. హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ ఆయన అర్థంలేని అక్షరాల ముక్కలను తనే బట్టీపట్టి, తనే మర్చిపోయి, ఎంత మరిచాడో కొలిచి 1885లో పుస్తకం రాశాడు. మొదటి గంటల్లోనే మరపు నిలువునా దిగుతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. మరిచేలోపు మళ్లీ గుర్తుచేసుకుంటే ఆ దిగుడు తగ్గుతుంది. 1972లో సెబాస్టియన్ లైట్నర్ దీన్ని అట్టపెట్టెలోకి దించాడు. వచ్చిన చీటీ తర్వాతి అరకు పోతుంది, తప్పిన చీటీ మొదటి అరకు తిరిగొస్తుంది, వెనక అరల్లోవి అరుదుగా చూస్తే చాలు. ఇప్పటి ఫోన్లలోని చీటీల యాప్‌లు ఆ పెట్టెకు మనవలు, మునిమనవలు.

అయితే చూడడం అంటే చదవడం కాదు. 2006లో రోడిగర్, కార్పికె చేసిన ప్రయోగంలో పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివిన విద్యార్థులు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో బాగా చేశారు. వారం తర్వాత పెడితే మాత్రం, చదవడం మానేసి గుర్తుచేసుకోవడానికి తంటాలు పడ్డవాళ్లు గెలిచారు. ఇది మన అవధానులకు ఎప్పుడో తెలుసు. అష్టావధానంలో పద్యం ఒక్క ఊపులో పూర్తికాదు. ఒక పాదం చెప్పి అవధాని ఇంకో పృచ్ఛకుడి దగ్గరికి వెళ్లిపోతాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడు గిల్లుతుంటాడు, గంటలు మోగుతుంటాయి, లెక్కపెట్టుకోవాలి. మళ్లీ మొదటి పృచ్ఛకుడి వంతు వచ్చేసరికి ఆ పాదాన్ని లోపలినుంచి తవ్వి తీసి రెండో పాదం కలపాలి. చివర్న ధారణలో అన్నీ ఒప్పజెప్పాలి. ఎడం, అంతరాయం, తవ్వి తీయడం, ఈ మూడూ ఒకేచోట. మీరూ ఒక చీటీ చూశాక కూరగాయలు తరగండి, ఫోన్ మాట్లాడండి, అప్పుడు అద్దం ముందు ఆ వాక్యం చెప్పండి.

మరిచిపోయినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. మాట్లాడేటప్పుడు స్పానిష్ వాళ్లే ఆ తప్పు తమ మీద వేసుకోరు: సె మె ఒల్విదో. నేను మర్చిపోయాను అనడం కంటే, ‘అదే నాకు మరుపున పడింది’ అన్నట్టు. గ్లాసు పగిలినా ఇంతే, అదే పగిలింది, నాకు పగిలిపోయింది. ఆఫీసులో ఎంతో అక్కరకొచ్చే వ్యాకరణం. బోర్హెస్ 1942లో రాసిన కథలో ఫూనెస్ అనే కుర్రాడు గుర్రం మీదనుంచి పడ్డాక ఏదీ మరవలేని స్థితికి వస్తాడు. లాటిన్‌తో సహా భాషలు అలవోకగా వచ్చేస్తాయి. ప్రతి ఆకూ, ప్రతి మబ్బూ విడివిడిగా గుర్తుంటాయి. ఇంత గుర్తున్నవాడికి ఆలోచించడం పెద్దగా చేతకాదేమోనని కథకుడికి అనుమానం. వివరాలు వదిలేస్తేనే కదా ‘చెట్టు’ అనే మాట పుట్టేది. పది చీటీల్లో మూడు జారిపోతే మీ బుర్ర తన పని తాను చేసుకుంటున్నట్టే.

యాప్ మీద మోజు, చదువు మీద బద్ధకం

నాడీకణాల రూపు తేల్చి 1906లో నోబెల్ పంచుకున్న శాంతియాగో రమోన్ ఇ కహాల్ స్పెయిన్ వాడు. చదువు మీద ధ్యాస లేదని తండ్రి చిన్నప్పుడు మంగలి దుకాణంలో, చెప్పులు కుట్టేవాడి దగ్గర పనికి పెట్టిన పిల్లాడు. 1897లో మాడ్రిడ్ విజ్ఞాన అకాడమీలో యువ పరిశోధకులకు సలహాలిస్తూ ఆయన చేసిన ప్రసంగం తర్వాత పుస్తకమైంది. అందులో ఒక అధ్యాయం పేరు వొలుంతాద్ జబ్బులు, అంటే సంకల్పానికి పట్టే రోగాలు. తెలివి ఉండీ పని ముందుకు సాగనివాళ్లను రకాలుగా విడదీస్తాడు. పుస్తకాలు పోగేసేవాళ్లు ఒక రకం. మెరిసే పరికరాలు కొని, తుడిచి, బీరువాలో పెట్టుకునేవాళ్లు ఇంకో రకం. ఫోన్లో అయిదు భాషా యాప్‌లు పెట్టుకుని, ఏది మంచిదో స్నేహితులకు చెబుతూ తిరిగే మన కుర్రాళ్లను ఆయన చూడలేదు గానీ, వాళ్ల కోసం అర ఎప్పుడో ఖాళీగా ఉంచాడు. ఒక్క యాప్ ఉంచుకుని మిగతావి తీసేయండి. ఏది మంచిదని నన్ను అడగకండి, మీరు తెరిచేదే మంచిది.

యాప్ కంటే మనిషి నయం. సిగ్మండ్ ఫ్రాయిడ్ వియన్నాలో బడి చదువుకునే రోజుల్లో, ఎడ్వర్డ్ సిల్బర్‌స్టైన్ అనే స్నేహితుడితో కలిసి గురువు లేకుండా స్పానిష్ నేర్చుకున్నాడు. ఇద్దరే సభ్యులుగా ‘అకడేమియా కస్తెయానా’ అని ఒక అకాడమీ పెట్టుకున్నారు. సెర్వాంతెస్ 1613లో అచ్చువేసిన కథల్లో రెండు కుక్కలు రాత్రంతా మనుషుల్లా మాట్లాడుకునే కథ ఒకటుంది. ఆ కుక్కల పేర్లే పెట్టుకుని ఇద్దరూ ఉత్తరాలు రాసుకున్నారు. కథలో బెర్గాంసా తన జీవితం చెప్పుకుపోతుంటే, సిపియోన్ వింటూ మధ్యమధ్య మాట కలుపుతుంటుంది. ఫ్రాయిడ్ ఎంచుకున్నది సిపియోన్‌ను. పెద్దయ్యాక ఆయన చేసిన ఉద్యోగమూ అదే కదా! ఆ ఉత్తరాల్లో స్పానిష్ తప్పుల తడక, మధ్యలో జర్మన్ దొర్లుతుంటుంది. అయినా తన రచనలు 1920లలో స్పానిష్‌లోకి వచ్చినప్పుడు, దోన్ కిహోతె చదవాలని చిన్నప్పుడు నేర్చుకున్న ఆ భాషతోనే అనువాదం ఎలా ఉందో చూసుకోగలిగాడు. ఇవాళ బ్వేనస్ ఐరెస్‌లో మానసిక విశ్లేషకులు ఎక్కువగా ఉండే పేటను సరదాగా వియా ఫ్రాయిడ్ అని పిలుచుకుంటారు. అక్కడికి వెళ్తే విరుపు నేర్చుకున్నందుకు విచారించకండి. వాళ్లు నువ్వు అనడానికి ‘వోస్’ వాడతారు, దాంతో పియెన్సాస్ కాస్తా విరుపు లేని పెన్సాస్ అయిపోతుంది.

మీకూ ఒక సిపియోన్ కావాలి. తోటి విద్యార్థి, ఆఫీసు మిత్రుడు, అమెరికాలో ఉన్న మేనకోడలు, ఎవరైనా సరే. వారానికొక వాయిస్ మెసేజ్ ఒప్పందం చేసుకోండి. అందులో ఏం జరిగిందో చెప్పొద్దు. ఏమనుకున్నారో, ఏం అనిపించిందో, ఏం గుర్తొచ్చిందో, దేనికి భయమేసిందో చెప్పండి. ‘మార్కెట్‌కు వెళ్లాను, వంకాయలు కొన్నాను’ అనే స్పానిష్ మీకు ఎలాగూ వచ్చు. ‘ఆ వంకాయలు చూసి అమ్మ గుర్తొచ్చింది, ఫోన్ చేద్దామనుకుని మళ్లీ మర్చిపోయాను’ అన్నదాంట్లో మూడు మనసు క్రియలున్నాయి. అవతలివాళ్లు తప్పులు దిద్దనక్కర్లేదు. తిరిగి ఒక ప్రశ్న అడిగితే చాలు.

ఎంత సాధన చేసినా నిజం మనిషి ముందు నిలబడ్డాక ఒక్కోసారి బుర్ర ఖాళీ అయిపోతుంది. అందరూ భయపడేది దానికే, కానీ దానిక్కూడా మనసు మాటలే ఉన్నాయి. అన్నిటికంటే ముందు ఇవే నేర్చుకోవాలని నా అభిప్రాయం. ఆ వేర్, అంటే ‘చూద్దాం...’. దేహమె పెన్సార్, కాస్త ఆలోచించుకోనీ. మె కెదే ఎన్ బ్లాంకో, బుర్ర తెల్లకాగితం అయిపోయింది. మాట నోటిదాకా వచ్చి ఆగిపోతే: లో తెంగో ఎన్ ల పూంతా దె ల లెంగ్వా, నాలుక చివరే ఉంది. చెబుతున్నది మధ్యలో ఎటో జారిపోతే స్పెయిన్‌లో సె మె ఫ్వే ఎల్ సాంతో అల్ సియేలో అంటారు, నా సాధువు స్వర్గానికి వెళ్లిపోయాడని. ఇది అనగలిగిన విదేశీయుడిని చూసి అవతలివాళ్లు నవ్వుతారు, మీకు రెండు క్షణాలు దొరుకుతాయి. అప్పటికీ మాట రాకపోతే కోమో సె దీసె అని చేతులతో చూపించండి, వాళ్లే అందిస్తారు. అందుకోగానే ‘ఏసో ఏస్, అదే!’ అని ఆగిన వాక్యం పూర్తిచేయండి. ఇంటికెళ్లాక ఆ మాటకు ఒక చీటీ రాసి మొదటి అరలో పెట్టండి.